తువ్వాలు కింద పాట

నందిగామ,
14-2-1982

వదిన ఆండాళమ్మకు,

ఆడపడుచు బాలామణి రాస్తున్న సంగతులు. కార్డు ముక్క మీద రాస్తే పోస్టుమాను దగ్గర నుంచి అందరూ చదువుతారని కవరు కొనిపించి రాస్తున్నాను.

మీ వీధి చివరి రత్తమ్మ కంచికచర్లలో పెళ్ళికి వెళ్తూ దారిలో మా ఇంట్లో దిగింది. మంచినీళ్ళయినా తాగకుండా నీ సంగతి చెప్పింది. నువ్వు ముందు గదిలో కుర్చీలో కూర్చుని ఉన్నావట. రెండు చెవుల మీదా నల్లటి దొప్పలు, వాటిని కలుపుతూ నెత్తి మీద ఇనప బద్ద. దొప్పల నుంచి తీగ పోయి ఒక పెట్టెలో దూరిందట. పెట్టెకు గోడలోంచి కరెంటు. నువ్వు కళ్ళు మూసుకుని తల ఊపుతున్నావట. తను కిటికీ దగ్గర నిలబడి ఎంత పిలిచినా పలకలేదట. పైగా కళ్ళ వెంట నీళ్ళు.

అన్నయ్య పోయిన దిగులు మతి మీదికి వచ్చిందేమోనని మా వారు అన్నారు. మతి చెడినవాళ్ళకు పెద్దాసుపత్రుల్లో తలకు కరెంటు పెడతారని ఆయన పేపర్లో చదివారట. ఇంట్లో కూడా పెడతారని మాకు తెలియదు. నీ కొడుకు కృష్ణారావుకు బుద్ధి ఉందా? కన్నతల్లి తలకు కరెంటు తగిలించి తను కొట్లో కూర్చుని బట్టలు కొలుస్తున్నాడా? నాకు ఒక్క ముక్క రాయాలని కూడా తోచలేదా?

పెనుగంచిప్రోలు అమ్మవారి దగ్గర తాయెత్తు కట్టించాను. జగ్గయ్యపేట బస్సు కండక్టరు మాకు తెలిసినవాడే, వాడి చేత పంపుతున్నాను. ఎడమ చేతికి కట్టుకో. వేడి పదార్థాలు తినకు. ఈ ఉత్తరం నీకు అర్థమయ్యే స్థితిలో లేకపోతే ప్రమీల చదువుకుని జవాబు రాయాలి.

బాలామణి

—

జగ్గయ్యపేట,
21-2-1982

బాలామణికి,

వదిన ఆండాళమ్మ చెబుతుంటే కోడలు ప్రమీలారాణి రాస్తున్నది. నేను చెప్పింది చెప్పినట్టే రాయమన్నాను. మధ్యలో మెత్తబెట్టి రాస్తే ఇంకొకరి చేత రాయించుకుంటానని ముందే చెప్పాను.

నాకు పిచ్చి లేదు. నీ తాయెత్తు అందింది. పెట్టెకు కట్టాను. మీ అందరి కళ్ళూ దాని మీదే ఉన్నాయి కాబట్టి దిష్టి తగిలితే దానికే తగలాలి.

అది కరెంటు వైద్యం కాదు. పాటలు వినే పెట్టె. బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే జగన్నాథరావు చేసి ఇచ్చాడు. దాని పేరు హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ అని ప్రమీల చెబుతోంది. నాకు నోరు తిరగదు, చెవిపెట్టె అంటున్నాను. వక్కలపెట్టె అంత ఉంటుంది. రేడియోలో పాట ముందు దీంట్లోకి వస్తుంది. అన్నం పెట్టి బిడ్డను పెంచినట్టు ఇది ఆ పాటను పెంచి దొప్పల్లోకి పంపుతుంది. దొప్పల తీగ తగిలించగానే రేడియో నోరు మూసుకుంటుంది. పాట నా చెవుల్లో తప్ప ఇంకెక్కడా ఉండదు.

నువ్వు తర్వాత ఏమంటావో నాకు తెలుసు కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను. ఇంట్లో మనిషి పోతే ఏడాది దాకా రేడియో పెట్టకూడదన్నది మీ అమ్మగారి కాలం నుంచి వస్తున్న పద్ధతి. మీ అన్నయ్యను తీసుకెళ్ళిన రోజే రేడియో మీద తువ్వాలు కప్పారు. ఆ తువ్వాలు నేను తియ్యలేదు. దాని కిందికి చెయ్యి పోనిచ్చి మీట తిప్పుతున్నాను. ఇంట్లో చప్పుడు లేదు, వీధిలోకి అసలే లేదు. పద్ధతి ఎక్కడ తప్పానో చూపించు.

రత్తమ్మ పిలిస్తే పలకలేదంటావా, పాట మధ్యలో ఎవరు పిలిచినా పలకను. కళ్ళ నీళ్ళంటావా, అప్పుడు వీణ వస్తోంది.

ఈ ఏడు మిరపకాయలకు రంగుంది గానీ కారం లేదు. అయినా కొట్టించాను. నీ వంతు అదే కండక్టరు చేత పంపుతాను. దశరథరామయ్య అన్నయ్యగారిని అడిగానని చెప్పు. పేపర్లో పిచ్చి ఆసుపత్రుల కబుర్లు కాకుండా ఇంకేమన్నా చదవమను.

ఇది నా వేలిముద్ర.
ఆండాళమ్మ

—

నందిగామ,
3-3-1982

వదినకు,

నీకు పిచ్చి ఎక్కిందన్నా నయంగా ఉండేది. నలుగురిలో చెప్పుకోవడానికి వీలుగా ఉండేది. బుద్ధి సరిగ్గా ఉండి, తెలిసి తెలిసి పాటలు వింటున్నానని నువ్వే రాయిస్తే నేనేం చెప్పుకోవాలి?

తువ్వాలు తియ్యలేదని గొప్పగా రాయించావు. ఏకాదశి నాడు తలుపు గడియపెట్టుకుని తిని, వీధిలోకి మూతి తుడుచుకుని వచ్చేవాళ్ళు ఉన్నారు. వాళ్ళూ పద్ధతి తప్పలేదనే అంటారు. మైల ఉన్నది రేడియోకా, నీకా? పద్ధతి ఎదుటివాళ్ళ చెవుల కోసం పెట్టలేదు వదినా, మన మనసు కోసం పెట్టారు. మా అన్నయ్య పోయి ఏడాది తిరగలేదు. తల ఊపుకుంటూ వీణ వినడానికి నీకు మనసెట్లా వచ్చింది? ఆయన నీకేం తక్కువ చేశాడు?

ఇక దాచుకోవడం ఎందుకు, అన్నీ రాసేస్తాను. మొదటి నుంచీ నేను నీకు లెక్కలో లేను. మా అమ్మాయి కమల పెళ్ళిలో తలంబ్రాల పళ్ళెం తెమ్మని నిన్ను పిలిచాను. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ పిలిచాను. నా వైపు వీపు పెట్టుకుని కూర్చున్నావు. మా అత్తగారు "మీ వదినకు నువ్వంటే గిట్టదా అమ్మాయ్?" అని పెళ్ళి పందిట్లోనే అడిగింది. నేను పుట్టింటికి వచ్చి అన్నయ్యతో రెండు మాటలు మాట్లాడుతుంటే ఆయన నీ భుజం మీద తట్టేవాడు, నువ్వు లేచి లోపలికి పోయేదానివి. ఆడపడుచు దగ్గర కూర్చోవద్దని మొగుడూ పెళ్ళాలు సైగలు పెట్టుకున్నారని నాకు తెలియదనుకున్నావు. అన్నీ కడుపులో పెట్టుకున్నాను. ఇప్పుడు ఆయన పోయిన ఏడాదిలోనే నువ్వు పాటలు వింటుంటే చూస్తూ ఊరుకోమంటే నా వల్ల కాదు.

కారం అందింది. నువ్వన్నట్టు రంగే ఉంది.

బాలామణి

—

జగ్గయ్యపేట,
15-3-1982

బాలామణికి,

వదిన చెబుతున్నది. ప్రమీల రాస్తున్నది. ఈసారి ఆ పిల్ల కలం పట్టుకుని బిక్కమొహం వేసింది. రాయవే అన్నాను.

నాకు చెవుడు.

నిన్నా మొన్నా వచ్చింది కాదు. మా కృష్ణారావు పుట్టిన తర్వాత జ్వరం వచ్చి తగ్గింది, అప్పటి నుంచి మొదలైంది. ఏటికేడు తగ్గుతూ వచ్చింది. మీ అన్నయ్యకు ఒక్కరికే తెలుసు. చెవిటి కోడలని తెలిస్తే మీ అమ్మ నన్ను పుట్టింట్లో దింపి వస్తుందని మొదట్లో దాచాం. తర్వాత దాచడమే కాపురమైపోయింది. దానికి నేను సిగ్గుపడడం లేదు, జరిగింది చెబుతున్నాను.

నువ్వు సైగ అన్నావే, అది సైగే. నీ మీద కాదు. లోపల నుంచి మీ అమ్మ పిలిస్తే నాకు వినపడేది కాదు. ఆయన భుజం తట్టేవారు, నేను లేచి వెళ్ళేదాన్ని. ఎదురుగా ఉన్న మనిషి పెదాలు చూసి సగం అర్థం చేసుకునేదాన్ని. మీసాలున్నవాళ్ళతో మాట్లాడడం మానుకున్నాను. కమల పెళ్ళిలో నువ్వు నా వీపు వెనక నుంచి పిలిచావు. మీ అన్నయ్య అప్పుడు మీ వియ్యంకుడి దగ్గర ఉన్నారు. తట్టేవాళ్ళు లేరు. పళ్ళెం రాలేదు. అంతే సంగతి. దానికి ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకున్నావంటే అది నీ కడుపు గొప్పతనం.

రేడియో ఎట్లా వినేదాన్నంటావా, చేత్తో. ఆయన పాటలు పెట్టుకుంటే నేను పక్కన కూర్చుని రేడియో చెక్క మీద అరచెయ్యి ఆనించేదాన్ని. మృదంగం వస్తే చేతికి తెలిసేది. వేణువు తెలిసేది కాదు. జగన్నాథరావు మీట బాగుచెయ్యడానికి వచ్చి చూశాడు. "పిన్నిగారూ, చేత్తో వింటున్నారా?" అన్నాడు. "వింటున్నా, నీకేం?" అన్నాను. అతను నవ్వలేదు. మనసులో పెట్టుకుని, ఆయన పోయాక ఈ పెట్టె చేసి తెచ్చాడు.

మీ అన్నయ్య పోయాక భుజం తట్టేవాళ్ళు లేక ఇంట్లో సంగతి బయటపడితే, కృష్ణారావు నన్ను విజయవాడ తీసుకెళ్ళి చెవుల డాక్టరుకు చూపించాడు. చెవిలో పెట్టుకునే చిన్న మిషను ఇచ్చారు. అది ఈల వేసింది గానీ మాట చెప్పలేదు. నరం ఎండిపోతోందట. మిగిలింది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనన్నాడు. నువ్వు ఏడాది తిరగనివ్వమంటావు. నీ పద్ధతి ఎన్నేళ్ళయినా ఆగుతుంది. నా చెవి ఆగుతుందా?

మొదటి రోజు జగన్నాథరావు దొప్పలు పెట్టి మీట కొంచెం కొంచెంగా పెంచాడు. ఒకావిడ పాడబోతోంది. పాట మొదలుపెట్టకముందు ఆమె గాలి పీల్చుకున్న చప్పుడు వినిపించింది బాలామణీ. పాడేవాళ్ళు ముందు గాలి పీలుస్తారన్న సంగతే నేను మర్చిపోయాను. ఇది మానమని నాకు చెప్పగలిగిన మనిషి ఇంకా పుట్టలేదు.

ఆండాళమ్మ వేలిముద్ర

—

నందిగామ,
2-4-1982

వదినకు,

నీ ఉత్తరం చదివిన పూట నాకు అన్నం దిగలేదు. నమ్మాలో నమ్మకూడదో తెలియడం లేదు. మా వారు "నిజమే అయి ఉంటుంది" అంటున్నారు. ఆయన ఎవరేం చెప్పినా నిజమే అయి ఉంటుందంటారు. ఒకే ఇంట్లో పెరిగిన చెల్లెలికి అన్నయ్య ఈ సంగతి చెప్పకుండా పోయాడంటే నేను పరాయిదాన్నేనన్నమాట. చెవుడు సంగతి కంటే ఆ సంగతే నాకు ఎక్కువ నొప్పిగా ఉంది.

సరే, నిజమే అనుకుందాం. అయినా చెవుడు వేరు, పాటలు వేరు. మాట వినడానికి ఆ పెట్టె పెట్టుకో, నేను కాదనను. భగవద్గీత విను, పురాణం విను. వీణలూ, సినిమా పాటలూ మాత్రం సంవత్సరీకం దాకా ఆపు. ఇక్కడ మా తోడికోడళ్ళు నా ఎదుటే "మీ వదిన ఇవాళ ఏ పాట విన్నదో?" అంటున్నారు. నవ్వలేక ఏడవలేక చస్తున్నాను.

నీకు పట్టుదల ఎక్కువని తెలుసు. ఇంట్లో ఉంటే ఆగలేవు. అందుకని ఆ పెట్టె కృష్ణారావు చేత నాకు పంపు. బీరువాలో పెట్టి తాళం వేసి, సంవత్సరీకం అయిన మర్నాడు నా చేతులతో తెచ్చి ఇస్తాను. పంపకపోతే ఆ రోజు నేను రాను. అన్నకు ఉన్నది నేనొక్కదాన్నే. తోడబుట్టినది గడప తొక్కని సంవత్సరీకం ఎట్లా ఉంటుందో, ఊళ్ళో ఏమనుకుంటారో నువ్వే ఆలోచించుకో.

బాలామణి

—

జగ్గయ్యపేట,
14-4-1982

బాలామణికి,

పెట్టె పంపమన్న నీ ఉత్తరం నేను ఆ పెట్టెలోంచే విన్నాను. అది నీకు తెలియాలని ముందుగా రాయిస్తున్నాను.

నీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడు ప్రమీల నా చెవి దగ్గర నోరు పెట్టి అరుస్తూ చదివింది. నాకు సగం వినపడింది, వీధికి మొత్తం వినపడింది. నాకు మతి చెడిందని నువ్వు కవరు కొనిపించి మరీ రహస్యంగా రాసిన సంగతి సాయంత్రానికి బజారంతా తెలుసు. రెండోది కూడా అంతే. పళ్ళెం కథ తెలియనివాళ్ళు ఇప్పుడు జగ్గయ్యపేటలో లేరు. ఆ గోల భరించలేక జగన్నాథరావు పెట్టెకు చిన్న మైకు తగిలించాడు. ప్రమీల మైకు ముందు కూర్చుని మామూలుగా చదివింది. ఒక్క మాట పోకుండా విన్నాను. బీరువా విన్నాను, తాళం విన్నాను.

నువ్వు తాళం వేసేది పెట్టెకు కాదు. పెట్టె నీ బీరువాలో ఉంటే నీ తర్వాతి ఉత్తరం నాకెవరు వినిపిస్తారు? మళ్ళీ వీధికి చదివి వినిపించాలా?

మాటలు వినొచ్చు, పాటలు వినకూడదన్నావు. మీ అన్నయ్య పోయిన తర్వాత ఈ చెవుల్లో పడిన మాటలేమిటో చెప్పనా? ఆవిడ ఏడవలేదు, ఆవిడకు గుండె రాయి, ఆవిడకు పిచ్చి, ఆవిడకు సిగ్గులేదు. అవన్నీ వినడం మైల కాదు. వీణ వినడం మైల. ఈ లెక్క ఎవరు వేశారో వాళ్ళకు చెవులున్నాయి గానీ వాటిని వాడలేదు.

పద్ధతి మనసు కోసం అన్నావు. నా మనసులో ఏముందో నువ్వు దొప్పలు పెట్టుకుని విన్నావా? మీ అన్నయ్య ఇరవై ఏళ్ళు ఆ రేడియో పక్కన కూర్చుని, పాట అయ్యాక అందులో ఏముందో నాకు పెదాలు కదిపి చెప్పేవారు. ఇది బాగుందే, ఇందులో వేణువు ఏడిపించింది అనేవారు. బాగుందన్నది ఏమిటో నాకు తెలిసేది కాదు. ఆయన మొహం చూసి నేనూ బాగుందనేదాన్ని. ఇప్పుడు వింటున్నాను. ఆయన చెప్పినవి నిజమో కాదో ఒక్కొక్కటే సరిచూసుకుంటున్నాను. వేణువు విషయంలో నిజమే చెప్పారు. హార్మోనియం బాగుంటుందన్నారు, అది నాకు నచ్చలేదు. మొగుడు పోయిన ఆడది ఇంతకంటే ఎట్లా తలుచుకోవాలో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

పెట్టె పంపను. పాట ఆపను. సంవత్సరీకం నాడు నేను వంటింటి గడపలో కూర్చుంటాను, దొప్పలు నెత్తి మీదే ఉంటాయి. కర్మకాండప్పుడు శాస్త్రిగారు ఏం చదివారో నాకు ఒక్క ముక్క వినపడలేదు. ఈసారి వింటాను. నీ ఇష్టం ఉంటే రా. రాకపోతే తోడబుట్టినది ఎందుకు రాలేదని అడిగినవాళ్ళకు, వదిన చెవులు పనిచేస్తున్నాయని అలిగిందని చెబుతాను.

దశరథరామయ్య అన్నయ్యగారికి దగ్గు తగ్గిందా? మిరియాల కషాయం ఇవ్వు. బెల్లం ఎక్కువ వెయ్యకు.

ఆండాళమ్మ వేలిముద్ర

—

నందిగామ,
26-7-1982

వదినకు,

ఎండాకాలమంతా నీకు రాయకూడదనే కూర్చున్నాను. కృష్ణారావు వచ్చి తిథి చెప్పి పిలిచి వెళ్ళాడు. వాడి మొహం చూసి కాదనలేకపోయాను.

వస్తాను. నా అన్న కోసం వస్తాను, నీ కోసం కాదు. మీ ఇంట్లో మంచినీళ్ళు ముట్టను. బంధువుల ముందు, శాస్త్రిగారి ముందు ఆ దొప్పలు పెట్టుకుని కూర్చుని ఇంటి పరువు తియ్యవద్దని ఆఖరుసారి చెబుతున్నాను. ఈ ఉత్తరం కూడా మైకులోనే విని ఉంటావు. సంతోషం.

బాలామణి

—

జగ్గయ్యపేట,
18-8-1982

బాలామణికి,

సంవత్సరీకం నాడు వదిన నిన్ను నలుగురిలో అవమానించిందని నువ్వు నందిగామలో చెప్పుకుంటున్నావని రత్తమ్మ మోసుకొచ్చింది. అవమానించింది ఎవరో రాతలో ఉండాలని జరిగినదంతా రాయిస్తున్నాను. తప్పుంటే దిద్దు.

నువ్వొచ్చి అరుగు మీద కూర్చున్నావు. లోపలికి రాలేదు. ప్రమీల మజ్జిగ తెస్తే తల తిప్పుకున్నావు. నేను చెప్పినట్టే దొప్పలు పెట్టుకుని గడపలో కూర్చున్నాను. శాస్త్రిగారు మైకు చూసి "ఇదేమిటమ్మా?" అన్నారు. "మా వారి పేరు మీరు పలికినప్పుడల్లా నాకు వినిపించాలి, అందుకు" అన్నాను. ఆయన మైకు తన దగ్గరికి లాక్కుని మొదలుపెట్టారు. పేరు పలికిన ప్రతిసారీ విన్నాను. నేను ఏనాడూ నోటితో అనని పేరు. ఎవరి పరువూ పోలేదు.

భోజనాలయ్యాయి. నువ్వు తినలేదు. అందరూ నడుం వాల్చారు. అప్పుడు నువ్వు అరుగు దిగి సరాసరి లోపలికి వచ్చి మైకు చేతిలోకి తీసుకున్నావు. నేను పిలవలేదు.

"చెవుడని ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేదే వదినా?" అన్నావు. "ఇన్నేళ్ళూ నువ్వు నన్ను చీదరించుకుంటున్నావనుకుని, పుట్టింటికి రావాలంటే కాళ్ళు రాక, వచ్చినా రెండు పూటలు ఉండలేక, నా అన్నను నేనే దూరం చేసుకున్నాను గదే! నీ చెవుల గుట్టు కోసం నా పుట్టిల్లు పోగొట్టావు గదే!" అన్నావు. నడుం వాల్చినవాళ్ళంతా లేచి కూర్చున్నారు. మైకులో చెప్పినా నువ్వు రోడ్డు మీద మనిషిని పిలిచినట్టే అరిచావు. నా చెవులు గుయ్యిమన్నాయి.

"మెల్లగా మాట్లాడు, వినపడుతోంది" అన్నాను. ఇదీ నేను చేసిన అవమానం.

పిలిస్తే పలకనని ఇరవై ఏళ్ళుగా నాతో ప్రతివాడూ అరుస్తూనే ఉన్నాడు. మెల్లగా మాట్లాడమని ఒక మనిషికి చెప్పగలగడం నాకు అదే మొదటిసారి. నేను నవ్వాను. అది చూసి నిన్ను ఎగతాళి చేశాననుకున్నావు. మైకు కింద పడేసి, మా అన్నయ్యగారిని లేపి, ఊళ్ళో బస్సు కోసం కూడా ఆగకుండా పెద్ద రోడ్డు మీది చిల్లకల్లు దాకా రిక్షాలో పోయి బస్సెక్కావు. కృష్ణారావు వెంటపడి వచ్చినా ఆగలేదు.

నువ్వు అన్నదానికి నా జవాబు వినకుండానే వెళ్ళావు కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను. పుట్టిల్లు పోయిందన్నావు. అది నిజం. నా గుట్టు నన్ను కాపాడిందనుకున్నాను గానీ దాని బరువు ఇంకొకరి మీద పడిందని నాకు తట్టలేదు. ఆ మాట ఒప్పుకుంటాను. పాటల విషయంలో మాత్రం ఒక్క అంగుళం జరగను. ఏడాది తిరగకముందు విన్నాను, తిరిగాక వింటున్నాను, ఎడమ చెవి పూర్తిగా ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు కుడి చెవితో వింటున్నాను. అదీ ఆగేదాకా వింటాను. నువ్వు మెచ్చుకున్నా అంతే, నొచ్చుకున్నా అంతే.

ఇంకొక్క మాట. ఆ రోజు నాకు కొత్తగా తెలిసిన సంగతొకటుంది. నీ గొంతు కొంచెం బొంగురు. ఇన్నేళ్ళూ నీ పెదాలు చూసి అది చిన్నప్పటిలా సన్నగానే ఉందనుకున్నాను.

నీకు ఇంకా కోపం ఉంటుంది. ఉండాలి. తిట్టవలసింది ఇంకా చాలా మిగిలి ఉంటుంది. కానీ ఇకనుంచి ఉత్తరాలు రాయకు. నువ్వెంత కోపంగా రాసినా ప్రమీల చదువుతుంది. ఆ పిల్ల గొంతు మెత్తన, నీ తిట్లన్నీ దాని నోట జోలపాటలవుతున్నాయి. తిట్టదలుచుకుంటే బస్సెక్కి వచ్చి నువ్వే తిట్టు. ఉన్న ఈ ఒక్క చెవితో మొత్తం వింటాను.

మజ్జిగ తాగి మొదలుపెట్టు.

ఆండాళమ్మ వేలిముద్ర